పడవలా ఊగే మంచం

ఆ రోజు నేను చేసిన తప్పు, తెలుగు రానట్టు నటించడం. బిష్టుపూర్‌లో బస్సెక్కిన ముసలాయన నా పక్కన కూర్చుని, "తెలుగోళ్ళేటి బాబూ?" అన్నాడు. మాటలు పెరుగుతాయని హిందీలో "నహీ" అన్నాను.

"మంచిదే. అర్థం కానోడికే సెప్పుకోవాలి," అని కిటికీ వైపు తిరిగాడు. "ఏళ్ళకేళ్ళు పడవే మా ఇల్లు. రేవురేవూ తిరిగినాం. నీళ్ళంటే బయమేత్తంది, ఒడ్డున ఓ గది సూడమని మా ఇంటిది ఏడిసేది. నానేమో నవ్వీవోణ్ణి. ఓ పొద్దున్న లేచి సూత్తే పడవలో లేదు. నీళ్ళు తీసుకుపోనాయి. ఇప్పుడు గదుంది. మంచం ఊగినట్టయితే, మా ఇంటిదే లేచిందనుకుంటాను."

కద్మాలో దిగాల్సినవాణ్ణి, దిగలేకపోయాను. సోనారిలో ఆయన సంచి అందిస్తూ, "తాతా, నాకు తెలుగు వచ్చు," అన్నాను.

ఆయన ముఖం వాడిపోయింది. "అంతా ఇన్నావేటి?"

"విన్నాను. తప్పయిపోయింది."

"అయితే గది దాకా రా. నాకు నిద్దరట్టీదాకా కూకో."

వెళ్ళాను. ఆయనకు నిద్రపట్టేదాకా, మంచానికి తగలకుండా నేలమీద కూర్చున్నాను.