నాలుగో గింజ

ఆకాశం చూపించడానికి నడిగూడెం బడివాళ్ళు మాకు ఒక సాయంత్రం ఇస్తారన్న కబురు మొదట తెచ్చింది యాదగిరన్న. కోదాడలో మా వీధిలోనే ఉంటాడు, ఆటో నడుపుతాడు. మా టెలిస్కోపు ఏ ఊరికి పోయినా ఆయన ఆటోలోనే పోతుంది. ఈ సంగతి చెప్పే ముందు ఆయనకు ఒక నమస్కారం.

దయ్యాలు, గాలి సోకడాలు నేనెప్పుడూ నమ్మలేదు. రోజూ పొద్దున దీపం పెట్టుకుంటాను, దేవుడికి దండం పెట్టుకుంటాను, అంతవరకే. ఎవరైనా వింత చూశామని చెబితే ఎక్కడ, ఎన్నింటికి, పక్కన ఎవరున్నారు అని అడిగే అలవాటు నాది. అందుకే నాకు జరిగింది కూడా అలాగే రాస్తున్నాను.

నేను బడికి పోలేదు. చిన్నప్పుడు కాలు సరిగా లేక ఇంట్లోనే ఉండిపోయాను. అమ్మ పళ్ళెంలో బియ్యం పోసి, నా వేలు పట్టుకుని అక్షరాలు దిద్దించింది. లెక్కలూ, సైన్సూ ఆమె దగ్గరే నేర్చుకున్నాను. ఎండాకాలం డాబా మీద పక్క వేసి చుక్కల పేర్లు కూడా ఆమే చెప్పింది. సూర్యాపేటలో కొందరు టీచర్లు కలిసి టెలిస్కోపు కొని, ఊళ్ళకు ఆకాశం చూపిద్దామని బయలుదేరినప్పుడు నన్నూ కలుపుకున్నారు. జనంతో మాట్లాడే పని నాకిచ్చారు. ఆ నమ్మకానికి ఈరోజుకీ కృతజ్ఞురాలిని.

మా దగ్గర ఒక పద్ధతి ఉంది. టెలిస్కోపులో చూసిన ప్రతి ఒక్కరూ తాము చూసింది నోటుబుక్కులో పెట్టాలి. నా చేతి గాజు ఆనించి గుండ్రం గీసిస్తాను. అందులో కనిపించినన్నే చుక్కలు పెట్టాలి. చదువురాని పెద్దవాళ్ళు పెన్ను పట్టడానికి సిగ్గుపడతారు. వాళ్ళ కోసం అమ్మ పద్ధతే తెచ్చాను. గుండ్రం గీసిన కాగితాన్ని పళ్ళెంలో పరిచి, మధ్యలో గురుగ్రహానికి ఒక కందిపప్పు బద్ద పెడతాం. దాని చంద్రులకు బియ్యపు గింజలు; మా టెలిస్కోపుకు అందేవి నాలుగే, అదీ ఏదీ చాటున లేనప్పుడు. వాళ్ళు గింజలు పేరిస్తే, వాటి చోట నేను చుక్కలు పెట్టి, పేరు రాసి, ఆ కాగితాన్ని నోటుబుక్కులో అంటిస్తాను. ఎవరి గుండ్రాన్నీ దిద్దకూడదు. ఈ నియమం నేనే పెట్టాను.

నడిగూడెం మాకు పరీక్షే. బడి పెద్దసారు ముందే తేల్చి చెప్పారు.

"నువ్వు అసలు బడికే పోలేదంటగా అమ్మా, పిల్లలకేం చెప్తవ్? సరే, ఒక్కపాలి సూస్తం. బాగుంటే చుట్టుపక్కల బళ్ళకు నేనే ఫోన్ చేస్త. లేకుంటే ఇదే ఆఖరు."

ఆ కంగారులో ఒక పొరపాటు చేశాను. ఏ రోజుకారోజు గురుగ్రహం చంద్రులు ఎక్కడెక్కడ ఉంటాయో పట్టిక చూసి రాసుకుని పోవడం నా అలవాటు. ఆ రోజు చూడలేదు. ఇది గుర్తుపెట్టుకోండి, తర్వాత అవసరమవుతుంది.

చలికాలం, సాయంత్రం ఏడు. మబ్బు లేదు. అరగంట మాట్లాడాను. పిల్లలు కదలకుండా విన్నారు. తర్వాత వరస కట్టి చూశారు. అందరికీ మూడే చంద్రులు కనిపించాయి, ఎడమ పక్క రెండు, కుడి పక్క ఒకటి. పెద్దసారు కూడా చూసి మూడే పెట్టారు. నేను చూసినా మూడే.

వరస చివర సైదమ్మవ్వ వచ్చింది. ఏళ్ళ తరబడి నాట్లు వేసిన మనిషి. రెండు కళ్ళూ ఎప్పుడో పోయాయి. కోడలు లింగమ్మ చెయ్యి పట్టుకుని తెచ్చింది.

"ఇంట్ల కుండ కనబడదు గాని, ఆకాశం మీది చుక్కలు కనబడతయా అత్తా?" అంది లింగమ్మ. జనం నవ్వారు.

"కుండను రోజూ తడుముతనే ఉన్న. చుక్కల కాడికి ఇన్నేండ్లకు గీ పిల్ల పిలిసింది. పోనియ్యవే," అంది అవ్వ.

అందరినీ రమ్మని మైకులో పిలిచింది నేనే. కన్ను ఎక్కడ ఆనించాలో చూపించాను. అవ్వ చాలాసేపు అలాగే వంగి ఉంది. తర్వాత పళ్ళెం ముందు కూర్చుని, పప్పుబద్దను తడిమి, గింజలు పెట్టింది. ఎడమ పక్క రెండు. కుడి పక్క ఒకటి. ఇంతవరకు వింత లేదు, వరసలో అందరి మాటలూ విన్నది కదా. ఆ తర్వాత కుడి పక్కనే, పప్పుబద్దకు కాస్త దూరంగా, నాలుగో గింజ పెట్టింది.

పెద్దసారు నా చెవి దగ్గర, "ఆ కాగితం బుక్కుల పెట్టకమ్మా. రేపు ఎవరన్న సూస్తే నవ్వుతరు," అన్నారు.

నా పరీక్ష గుర్తొచ్చింది. చప్పుడు కాకుండా రెండు వేళ్ళతో ఆ గింజను తీయబోయాను. అవ్వ చెయ్యి వచ్చి నా వేళ్ళ మీద పడింది.

"దాన్నెందుకు తీస్తవ్ బిడ్డా? అది గాడనే ఉన్నది. నీడకు నిలవడ్డది, అంతే."

సిగ్గుతో తల వంచుకున్నాను. నా నియమం నేనే తప్పబోయాను. నాలుగు చుక్కలూ పెట్టి, కింద సైదమ్మ అని రాశాను. పెద్దసారు పక్కకు పోయారు. మా పని ఇక అయిపోయిందనుకున్నాను.

ఇరవై నిమిషాల తర్వాత, సామాను సర్దే ముందు, పెద్దసారు మళ్ళీ ఒకసారి చూస్తానని వంగారు.

"అమ్మా, నాలుగున్నయేంది?"

నేను చూశాను. ఏమీ లేని నల్లటి చోట ఒక సన్నని చుక్క. చూస్తుండగానే వెలుగు పెరుగుతోంది. అవ్వ కాగితం తెచ్చి పక్కన పట్టుకున్నాం. నాలుగో గింజ ఉన్న చోటే అది.

ఇంటికి వచ్చి పట్టిక తీశాను. అవ్వ చూసిన సమయానికి ఆ నాలుగోది గురుగ్రహం నీడలో, ఎండ తగలక చీకటిగా ఉంది; ఆ తర్వాతే నీడ దాటింది. ఏ కంటికీ, ఎంత మంచి కంటికీ, మా టెలిస్కోపులో కనిపించే అవకాశం లేదు.

కాకతాళీయం కావచ్చు. ఆ మాట నాకు నేను చాలాసార్లు చెప్పుకున్నాను. ఎవరైనా చెప్పారా అంటే, అక్కడ అందరూ మూడే అన్నారు, నాలుగోది ఎటుందో పట్టిక చూడని నాకే తెలియదు. అవ్వకు కొంచెమైనా చూపు ఉందేమోనని లింగమ్మను అడిగాను. సూర్యాపేట దవాఖానలో వెలుతురు కూడా తెలియదని ఎప్పుడో చెప్పేశారట.

వారం తర్వాత అవ్వ ఇంటికి పోయి, ఏం కనబడిందని అడిగాను.

"కనబడుడేంది బిడ్డా. నువ్వు పిలిసినవ్, వొచ్చిన. ఛాయ్ తాగిపో," అంది. ఛాయ్ తాగి వచ్చాను.

పెద్దసారు మాట నిలబెట్టుకున్నారు. ఆయన చేసిన ఫోన్లతోనే ఇప్పుడు సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ బళ్ళన్నీ మమ్మల్ని పిలుస్తున్నాయి. బడి మెట్లు ఎక్కని నేను ఎన్ని బళ్ళలో మైకు పట్టుకున్నానో తలుచుకుంటే అమ్మ చూసి ఉంటే బాగుండేదనిపిస్తుంది. పోయిన ప్రతి చోటా ముందు అవ్వ కాగితం చూపించి, ఎవరి గుండ్రాన్నీ మేం దిద్దం అని చెబుతాను. ఆ రాత్రి సంగతి ఎలా జరిగిందో మాత్రం నాకు ఇప్పటికీ తెలియదు. తెలిసినట్టు చెప్పను.

పోయిన వానకాలం నాట్ల రోజుల్లో సైదమ్మవ్వ కన్నుమూసింది. చలికాలం సాయంత్రం మిణుకుమనకుండా నిలకడగా వెలిగే పెద్ద చుక్క, గురుగ్రహం, మీకు కనిపిస్తే, ఒక్క క్షణం ఆగి, నడిగూడెం సైదమ్మను తలుచుకోండి.