గిద్యోను చూపు

కనకాలపేట గిద్యోను కూలికి క్రికెట్ ఆడేవాడు. యానాం వర్తకుల జట్టు పందేనికి దిగితే అతనికి కబురు వెళ్లేది. అతను కొడితే బంతి కొబ్బరితోట దాటాల్సిందే. పొట్టి మనిషి, తెడ్డు వేసి బండబారిన చేతులు. ఆటకు దిగే ముందు బ్యాటు పిడికి తడిగుడ్డ చుట్టుకునేవాడు, ఎవరితోనూ మాట్లాడేవాడు కాదు. పందొమ్మిది వందల యాభై ఆరు వేసవికి కళ్లకు పొరలు కమ్మాయి. పడవ పని మానేశాడు. ఎందుకు మానాడో భార్య రాహేలమ్మకు తప్ప ఎవరికీ తెలియదు. పొద్దుటే పెరట్లో ఆమె పచ్చి జామకాయలు విసిరేది, అతను కర్ర ఊపేవాడు. కాయ వెళ్లి గోడకు కొట్టుకున్నా "తగిలిందయ్యా" అనేది. "అబద్ధాలాడకే" అంటూనే మళ్లీ విసరమనేవాడు.

కాకినాడ జట్టుతో పందెం నాడు, బంతి విసిరేవాడి అడుగుల చప్పుడు విని గిద్యోను బలమంతా పెట్టి బ్యాటు ఊపాడు. చేతికేమీ తగల్లేదు. మైదానం మాత్రం ఒక్కసారిగా అరిచింది.

"ఎటు పోయింది బాబూ?" అని వెనకనున్న కాకినాడ కీపరును మెల్లగా అడిగాడు.

నవ్వబోయిన కీపరు ఆ కళ్లు చూసి ఆగిపోయాడు. "వికెట్లు పడిపోయాయి పెద్దాయనా. అరిచింది మావాళ్లు."

"నన్ను మావోళ్లేపు తిప్పి వదిలెయ్. చెయ్యి పట్టుకోమాక, ఆళ్లు చూత్తారు."

కీపరు భుజాలు పట్టి తిప్పాడు. గిద్యోను బ్యాటు చంకన పెట్టుకుని నిటారుగా నడిచాడు. అక్కడ తనవాళ్లెవరూ అతనికేసి చూడటం లేదు.