బాపు చెప్పని సాక్ష్యం

పొద్దున టీ గ్లాసు చేతిలో ఉండగా ఫోనులో ఒక ఫ్లెక్సీ బొమ్మ వచ్చింది. బెల్లంపల్లి నుంచి మా బావ పంపాడు. మా మేనమామ కొడుకు, ఇప్పుడు అక్కడి చర్చి కమిటీకి పెద్ద. బొమ్మ నడుమ పునీత తోమాసు, చేతిలో బల్లెం. చుట్టూ కమిటీ సభ్యుల ముఖాలు. అపోస్తలుడి ముఖం కంటే బావ ముఖమే కాస్త పెద్దది. ఒక మూల మా బాపు ఫోటో, తల వెనక పసుపు వెలుగు, కింద ‘బొగ్గుబాయిలో తోమాసువారి మహిమకు సాక్షి’ అని అక్షరాలు. బాపు పోయి ఆరేళ్లయింది కాబట్టి ఆ సాక్ష్యం ఈసారి పండుగకు నేను కరీంనగర్ నుంచి వచ్చి చెప్పాలట. బతికుండగా బాపు నోట ఆ మాట అనిపించలేకపోయిన పెద్దమనుషులు, పోయాక ఫ్లెక్సీ మీద అనిపించారు.

బావ తండ్రి, మా మామ, అప్పట్లో ఆ చర్చిలో ఉపదేశి. ఫాదర్‌గారు వేరే ఊళ్లకు వెళ్లినప్పుడల్లా ప్రసంగం ఆయనదే. గొంతు మంచిది, బుర్ర సంగతి అడక్కండి. ఏటా జూలై మూడున తోమాసు పండుగ. పొద్దున ప్రసంగంలో మామ ఆయన్ని చెడామడా తిట్టేవాడు. మరణం నుంచి లేచి వచ్చిన ప్రభువును నమ్మలేదని, గాయంలో వేలు పెట్టి చూస్తేగానీ ఒప్పుకోనన్నాడని, అటువంటి అవిశ్వాసులు మన మధ్యనా ఉన్నారని అంటూ మా బాపు వైపు చూసేవాడు. సాయంత్రం అదే తోమాసుకు బంతిపూల దండలు వేసి, పల్లకి ఎక్కించి, క్వార్టర్ల లైన్ల వెంట బ్యాండుమేళంతో తిప్పేవాడు. పొద్దున తిట్టినవాడికే సాయంత్రం దండం పెడుతున్నామన్న సిగ్గు మామకూ లేదు, వెనక పాడుతూ నడిచేవాళ్లకూ లేదు.

బాపు బాయిలో టింబర్‌మేన్. బొగ్గు తవ్విన చోట పైకప్పు కూలకుండా కర్రదుంగలు నిలబెట్టేవాడు. అంతకుముందు కర్రతో కప్పును కొట్టి వినాలి. గట్టిగా మోగితే పని చేసుకోవచ్చు, బోలుగా వినిపిస్తే వెనక్కి రావాలి. ఎవరు బాగుందన్నా సరే, తాను కొట్టి వినందే బాపు అడుగు ముందుకు వేసేవాడు కాదు. ఇంట్లోనూ అదే వరస. కూరలో ఉప్పు వేశానని అమ్మ, అంటే మా అవ్వ, చెబితే రుచి చూసిగానీ నమ్మడు. పుచ్చకాయను బండివాడు విసుక్కునేదాకా తడుతూనే ఉంటాడు. తోటివాళ్లు ‘తోమాసు’ అని ఏడిపిస్తే మురిసిపోయేవాడు. మిగతా పదిమందీ చూశాకే నమ్మారు కదా, ఈయన నాకూ చూపించండి అన్నాడు, అందులో తప్పేముందని అడిగేవాడు. ప్రభువు చావుకు ఎదురెళ్తుంటే ‘మనమూ పోయి ఆయనతో చద్దాం’ అన్నది తోమాసేనని, సముద్రం దాటి మన దేశం వచ్చి మైలాపూరులో బల్లెం పోటుకు పోయిందీ ఆయనేనని చెప్పేవాడు. మామ ప్రసంగాల్లో ఇవేవీ వచ్చేవి కావు. పల్లకి ముందువైపు కుడిపక్క మోసే వంతు బాపుది. ఏడాది మొత్తంలో బాపు గర్వంగా కనిపించేది ఆ ఒక్క సాయంత్రమే.

నేను ఇంటర్ చదువుతున్న ఏడు, పండుగ ఇంకా పది రోజులుందనగా, మొదటి షిఫ్టులో బాపు కప్పు కొట్టాడు. బోలుగా వినిపించింది. అందర్నీ బయటికి రమ్మన్నాడు. ముగ్గురు వచ్చేశారు. బాపుకు పనిలో జోడీ అయిన మనిషి, మేమంతా కాక అని పిలిచేవాళ్లం, పొద్దున చూసినవాళ్లు బాగుందన్నారు కదా, ఈ ఒక్క దుంగ బిగించి వస్తానని ఆగాడు. కప్పు కూలింది. కాక దాని కిందే పోయాడు.  కాకను రెక్క పట్టి లాగి ఉంటే సరిపోయేదని బాపు ఒక్కసారి అవ్వతో అన్నాడు, అంతే.

మామకు ఇది వెతకబోయిన తీగ కాలికి తగిలినట్టయింది. పండుగ ముందురోజే ఇంటికొచ్చి, తోమాసే చెయ్యి పట్టి బయటికి నడిపించాడని సాక్ష్యం చెప్పాలని, చెప్పకపోతే పల్లకి వంతు ఉండదని బాపుకు తేల్చి చెప్పి పోయాడు. మర్నాడు మైకులో ఆ కథంతా తనే చెప్పి, విశ్వాసం లేనివాడు లోపలే ఉండిపోయాడని కూడా కలిపాడు. కాక భార్య, మేం చిన్నమ్మ అని పిలిచే మనిషి, ఆడవాళ్ల వైపు మొదటి వరసలోనే ఉంది. తల వంచుకుని చాప ఈనెలు గిల్లుతోంది. ఆమెను చూస్తూనే అంత మాట అనగలిగాడు మా మామ. ఆయన్ని నేను ఈనాటికీ క్షమించలేదు.

మైకు బాపు చేతికి వచ్చింది.

“కప్పు మంచిగున్నదంటె వాడు నమ్మిండు, నేను నమ్మలే. గందుకె వాడు సచ్చిండు, నేను బతికిన. నన్ను ఎవ్వలు చెయ్యి పట్టి తీస్కరాలే. వాన్ని నేను గుంజుకరాలే. గిండ్ల మహిమ ఏడున్నది?”

మామ మైకు లాక్కుని పాట ఎత్తుకున్నాడు. ఆ సాయంత్రం బాపు చోట ఇంకెవరి భుజమో ఉంది. బాపు పల్లకి వెనక నడిచాడు, బతికినన్నాళ్లూ వెనకే నడిచాడు. చిన్నమ్మ మాత్రం మర్నాడు మా గడపలో నిలబడి అవ్వతో, “గా ఒక్క మాటతోని నేను మల్ల గుడికి పోగల్గుత అక్కా” అంది.

ఇప్పుడా బాయి మూతబడింది, క్వార్టర్లు సగం పాడుబడ్డాయి, మామ పోయాడు. అబద్ధం ఒక్కటే బాగా బలిసింది. బావ చెప్పే కథలో తోమాసు దీపం పట్టుకుని బాయిలోకి దిగాడు, షిఫ్టులో అందరూ క్షేమంగా బయటపడ్డారు. కాక అనే మనిషే లేడు. అది వింటూ చిన్నమ్మ ఇంకా ఆ వరసలోనే కూర్చుంటోంది, మోకాళ్లు వంగవు కాబట్టి ప్లాస్టిక్ కుర్చీలో.

బావకు ఫోన్ చేసి వస్తానన్నాను. బాపు ఆనాడు అన్నదే అంటానని, కాక పేరు కూడా చెబుతానని అన్నాను. 

“బిషప్‌గారొస్తుండ్రు, టైము లేదు. రెండు నిమిషాల కంటె ఎక్కువియ్య” అన్నాడు బావ.

చాలన్నాను. బాపు మాటకు అర నిమిషం కూడా పట్టదు. ఆనాటి నుంచి ఈ ముప్పై ఏళ్లలో ఆ నిజం చెప్పడానికి ఆ గుడిలో ఎవరికీ దొరకనిది ఆ అర నిమిషమే.