ధైర్యం సారు

పరిశ్రమల శాఖలో ఆ అధికారిని అందరూ ధైర్యం సారు అంటారు. చొక్కా చేతులు మోచేతుల దాకా మడిచి, ఎవరింటికి వెళ్తే వాళ్లిచ్చిన టీ ఊదుకుంటూ తాగి, "మీరు అడుగు వెయ్యండి, వెనకాల ప్రభుత్వం ఉంది" అంటాడు. ఆ మాట విని షెడ్లు వేసినవాళ్లలో చాలామంది నిలదొక్కుకున్నారు. కుర్చీలు చేసే వడ్రంగి చేత పాత కొట్టు అమ్మించి యంత్రాలు పెట్టించింది ఆయనే. ఏడాది తిరక్కుండా, రాయితీలిచ్చి పెద్ద ఫర్నిచర్ ఫ్యాక్టరీని ఆ ప్రాంతానికి రప్పించిందీ ఆయనే. దాని పోటీకి వడ్రంగి షెడ్డు మూతబడింది.

మొన్న ఫ్యాక్టరీ తనిఖీకి వెళ్తే, కాపలా దుస్తుల్లో గేటు తీసింది ఆ వడ్రంగే. నవ్వుతూ నమస్కారం పెట్టాడు. ధైర్యం సారు కారు దిగి, అతని భుజం మీద చెయ్యి వేశాడు.

"ఫ్యాక్టరీ వస్తోందని నీకు అప్పుడే చెప్పాల్సిందయ్యా. బయటికి పొక్కకూడదన్నారు పైవాళ్లు."

వడ్రంగి నవ్వు ఆగిపోయింది.

"మీకు ముందే తెలుసా సార్? మా ఆవిడ మిమ్మల్ని తిట్టినప్పుడల్లా, పాపం ఆయనకు మాత్రం ఏం తెలుసే అని నేనే సర్దిచెప్తున్నాను."

ధైర్యం సారు చెయ్యి తీసేశాడు. వడ్రంగి గేటు బార్లా తెరిచి, పక్కకు తప్పుకుని నిలబడ్డాడు.