సాయంత్రం మిట్ట, పొద్దున గుంట

గాజు బిళ్లలు సానపట్టే ఆ కార్ఖానాలో అందరూ ఆయన్ని నునుపు బాబాయ్ అంటారు. ముప్పై ఏళ్ల పేరది. అలాంటి మనిషికి రెండు నెలలుగా బుర్ర పనిచేయడం లేదు.

సంగతేమిటంటే, బిళ్లను కొలవడానికి ఒక యంత్రముంది. ఆ బిళ్ల మీదా, యంత్రంలోని నమూనా బిళ్ల మీదా పడి తిరిగొచ్చిన వెలుగులు రెండూ కలిసి తెరమీద చారలు గీస్తాయి. చారలు తిన్నగా ఉంటే బిళ్ల చదును. వెంట్రుకలో వెయ్యో వంతు ఎగుడుదిగుడున్నా చారలు వంగి పట్టిచ్చేస్తాయి. సాయంత్రం బాబాయ్ చూస్తే నడుమ మిట్ట. సరేనని అరగదీసి, చారలు తిన్నగా వచ్చాకే ఇంటికెళ్తాడు. తెల్లారి చూస్తే అదే చోట గుంట! రాత్రికి రాత్రి గాజును ఎవరు కొరుక్కుతిన్నట్టు?

గదికి తాళం మార్పించాడు. యంత్రం తుడిపించాడు. కళ్లజోడు మార్చాడు. గుంట మాత్రం పోలేదు. ఇక అనుమానించడానికి మిగిలింది తన చెయ్యే. అన్నం ముందు కూర్చుని వేళ్లు వణుకుతున్నాయేమోనని చాచి చూసుకుంటుంటే, "జాతకం తర్వాత చూసుకోవచ్చు, తినండి" అని భార్య కసిరింది.

మేనేజరమ్మ మెత్తగానే చెప్పింది. "రేపటి బిళ్ల కూడా పోతే మిమ్మల్ని ప్యాకింగ్‌కి పంపక తప్పదు బాబాయ్." ఆయనకి భయమేసింది. సానబల్ల లేకపోతే తానెవరో ఆయనకే తెలీదు.

మర్నాడు బిళ్ల సానపట్టి చూస్తే మళ్లీ మిట్టే. చేతులెత్తేసి బావమరిదికి ఫోన్ చేశాడు. పక్కబల్ల మీద పనిచేసి రెండు నెలల కిందట రిటైరైన మనిషి. బిళ్ల సానపట్టడం అయిందంటే చాలు, "రా బావా" అంటూ రెక్క పట్టుకుని టీకి లాక్కెళ్లేవాడు. అరగంట ఊసుపోక కబుర్లు, ఆ తర్వాతే కొలత. పనిదొంగ అని బాబాయ్ తిట్టుకోని రోజు లేదు.

బాబాయ్ గోడు విని బావమరిది "టీ తాగావా బావా?" అన్నాడు.

"కొంప మునుగుతుంటే టీ ఏంట్రా! నువ్వు మానేశాక ఆ తిరుగుళ్లన్నీ కట్. పట్టగానే కొలిచేస్తున్నా."

"ఒకసారి బిళ్ల ముట్టుకో."

ముట్టుకున్నాడు. వెచ్చగా ఉంది.

"రాపిడి వేడికి ఉబ్బింది బావా. ఆ ఉబ్బు అరగదీస్తే, చల్లారాక గుంట పడక ఏమవుతుంది?"

"అంటే, తెలిసే లాక్కెళ్లేవాడివా? ఆ ముక్క చెప్పి చావొచ్చుగా!"

"చెప్తే ఆగే రకమా నువ్వు?"

బాబాయ్ బిళ్లను అలాగే వదిలేసి టీకొట్టుకి వెళ్లాడు. అరగంటాగి వచ్చి చూస్తే చారలు గీత గీసినట్టు తిన్నగా ఉన్నాయి. సంతోషించాల్సింది పోయి కుర్చీలో కూలబడ్డాడు. ఈ ముప్పై ఏళ్ల పేరు తన చేతిదా, వాడి టీదా? ఎంత ఆలోచించినా తేలలేదు.