అవ్వ చిక్కుడు తీగ, నా బండి సైలెన్సరు

రెండు నెల్ల కిందట పెట్రోలు కంప్యూటరే లెక్కేసి పోసే నా ఇంజెక్షన్ బండికి కంపెనీ సైలెన్సరు, ఎయిర్ ఫిల్టరు పీకించి కొత్తవి వేయించినాను. సౌండు పెనుకొండంతా వినిపించింది గానీ, రోజూ ధర్మవరం డ్యూటీకి పోయే దోవలో బండి దగ్గుతానే ఉండాది. ఈ పొద్దు హిందూపురంలో మెకానిక్ మస్తానన్నకు చూపించినా. ఆయన అలవాటు కొద్దీ పెట్రోలు ఎక్కువ తక్కువ చేసే కార్బొరేటర్ స్క్రూ కోసం వెతికి, ఈ బండికి అది లేదని గుర్తొచ్చి తనే నవ్వుకున్నాడు. ప్లగ్గు విప్పితే విబూది మాదిరి తెల్లగా ఉండాది.

"గాలి ఎక్కువ పోతాండాది, పెట్రోలు మాత్రం పాత లెక్కే పోతాండాది. ఇట్లే తిప్పితే ఇంజను కాలిపోతాదప్పా. పాతవే తెచ్చుకో, బిగిస్తా" అన్నాడు.

ఇంటికొచ్చి చూస్తే ఫిల్టరు అటక మీద దొరికింది. సైలెన్సరు మాత్రం పెరట్లో భూమిలో నిలబడి ఉండాది. మా అవ్వ దాన్ని నాటి చిక్కుడు తీగ పాకించింది. తీగ నిండా పూత.

"అవ్వా, అది నాకు కావాల."

"ఇన్నేండ్లకు ఇంటికి పనికొచ్చే వస్తువొకటి తెచ్చినావు. దాన్నీ పీకుతావా?"

బండికున్న కొత్తది విప్పి, దీన్ని నాటుకో అని చేతికిచ్చినా. అవ్వ ఎత్తి చూసి, "దీంట్లో బరువేముందిరా? తీగను మోయలేదు" అని తిరిగిచ్చేసింది.

ఇంజను వద్దంది, మస్తానన్న వద్దన్నాడు, ఆఖరికి చిక్కుడు తీగకూ పనికిరాలేదు. కాయలు కోసేదాకా నాకు ధర్మవరం బస్సే గతి. కొత్త సైలెన్సరు ఎవరికన్నా కావాలంటే చెప్పండి. సౌండు మాత్రం బ్రహ్మాండంగా ఉంటుంది.