కొక్కెం వేసి వేలాడిన రోజులు

ఆ రోజుల్లో అని నేను మొదలుపెడితే మా ఆవిడ నవ్వుతుంది. ఐదారేళ్ల కిందటి సంగతికి అంత పెద్ద మాట ఎందుకంటుంది. కానీ బొటనవేళ్ల లెక్కన చూస్తే ఐదారేళ్లంటే ఒక యుగమే. ఆ రోజుల్లో నా వేళ్లు మహా చురుకు, బుర్ర మాత్రం వాటికి నాలుగడుగులు వెనక నడిచేది. డిప్లొమా పూర్తిచేసి పటాన్‌చెరు దగ్గర ఒక ఇనుప సామాన్ల ఫ్యాక్టరీలో ట్రైనీగా చేరాను. కిష్టారెడ్డిపేటలో కిరాయి గది, పొద్దున్నే కంపెనీ బస్సు, ఎవరితో ఏం మాట్లాడాలో తెలియని మొహం. మొదటి నెలంతా క్యాంటీన్‌లో గోడకు ఎదురుగా కూర్చుని తిన్నాను (గోడ మన గురించి ఏమీ అడగదు). అలాంటి నన్ను ముగ్గురు ట్రైనీలు పిలిచి పక్కన కూర్చోబెట్టుకున్నారు. నా మీద ప్రేమతో కాదు. భోజనాల వేళ సైకిళ్ల షెడ్డు కింద వాళ్లు ఫోన్లలో ఆడుకునే తుపాకుల ఆటకు నలుగురు కావాలి, ఒకరు తక్కువయ్యారు.

అది రెప్ప వేసేలోగా ప్రాణం పోయే ఆట. అందులో ఒక్కొక్కరికి ఒక్కో విద్య ఉంటుంది. నా వాటాకు తాడు చివర కొక్కెం వచ్చింది. బావిలో పడిన చేదను తీసే పాతాళగరిగె లాంటిదే, కాకపోతే దీన్ని పైకి విసరాలి. ఏ మేడకో స్తంభానికో తగిలిందంటే మనిషిని సర్రున లాక్కుపోతుంది. నేను ఎప్పుడూ అన్నిటికంటే ఎత్తైన మేడను చూసుకుని, సరిగ్గా దాని కిందికి వెళ్లి నిటారుగా విసిరేవాణ్ని. అది నన్ను తిన్నగా పైకి లాగుతుంటే అవతలివాళ్లు తీరిగ్గా గురిపెట్టి కాల్చేవారు. రెండు వారాలకల్లా నా పేరు పొట్లకాయ అయింది. ఆ ముగ్గురిలో మా జట్టుకు పెద్ద, మాకంటే ఏడాది ముందు చేరిన అమ్మాయి; అందరం అక్క అనేవాళ్లం. సంగారెడ్డిలో కిరాణా కొట్టున్న ఇంటి పిల్ల, మాట కూడా తూకం వేసినట్టే వచ్చేది. ఫ్యాక్టరీ ఆటల పోటీల్లో ఆ ఏడు ఫోన్ ఆట కూడా ఉందని నోటీసు పెట్టిన రోజు నన్ను పక్కకు పిలిచింది.

"తమ్మీ, శనివారం డిస్పాచోళ్లతోని మ్యాచ్. నువ్వు గిట్లనే యాలాడితే నీ జాగల స్టోర్స్ క్లర్కును దీస్కుంట. మనసుల ఏం వెట్టుకోకు."

ఎలా పెట్టుకోకుండా ఉంటాను? ఆటలోంచి తీసేస్తే తీసేశారు, మళ్లీ ఆ గోడ ముందుకు వెళ్లి కూర్చోవాలన్నదే నా దిగులు. మర్నాడు అన్నం మానేసి ఒంటరిగా షెడ్డు కింద సాధన చేస్తున్నాను. సాధన అంటే వరసగా చావడమే. అప్పుడే మా షాపులో, అంటే ఫ్యాక్టరీలో మేం పనిచేసే విభాగంలో, క్రేన్ నడిపే చాచా వచ్చి పక్కన కూర్చున్నాడు. తలల మీదుగా పట్టాల మీద నడిచే ఆ క్రేన్‌తో టన్నుల బరువులను కింద పూలబుట్టలా దించే మనిషి.

"ఏంది బేటా, గంత పరేషాన్ ఉన్నవ్?"

ఫోన్ చూపించాను. చాచా నా మూడు చావులూ ఓపిగ్గా చూశాడు.

"గది కొక్కెమే గద. మరి కొక్కేన్నే సూస్తున్నవేంది?"

"యాడ తగులుతదో సూడాలె గద, చాచా."

"తగిలిందంటె దాని పని అయిపోయింది. ఇగ బరువు యాడ దిగాల్నో గా జాగ సూడాలె. ఇంకోటి, గట్ల నెత్తి మీదికి ఏస్తె ఊగుడు యాడికెల్లి వస్తది? జెర పక్కకు ఏయి."

అంతటితో వదల్లేదు. లోపలికి తీసుకెళ్లి, పసుపు గీత వెనక నిలబెట్టి, ఖాళీ కొక్కేన్ని పక్కకు నడిపి టక్కున ఆపాడు. అది గడియారం లోలకంలా ఊగింది.

"గీ ఊగుడు మాకు దుష్మన్. నీ ఆటల గిదే దోస్తు. పై కొసకు పోయినంక ఇడిస్తె జోరు సచ్చిపోతది. జోరున్నప్పుడే ఇడువు."

చాచా జీవితంలో ఏ ఫోన్ ఆటా ఆడలేదు. అయినా ఆ సాయంత్రం ఆటలో పక్కనున్న స్తంభానికి కొక్కెం వేసి, ఒక వైపుకు ఒరిగి, సగంలో వదిలేసి చూస్తే నేను మొదటిసారి ఎగిరాను. మూడు రోజులు ఎగురుతూనే ఉన్నాను. వచ్చిన చిక్కల్లా, ఆటలో మనిషి ఎటు ఊగితే నేనూ అటే ఊగడం. బస్సులో పక్కసీటు అకౌంట్స్ పెద్దాయన, "బస్సు సక్కగనే పోతున్నది గద బాబూ, నా మీదికెందుకు ఒరుగుతున్నవ్?" అని మర్యాదగానే అడిగాడు.

శనివారం క్యాంటీన్ నిండిపోయింది. మావాళ్లిద్దరు తొందరగానే పోయారు, కాసేపటికి అక్క కూడా పడిపోయింది. డిస్పాచోళ్లు ఇద్దరు ఒక మేడ మీద కాచుకుని ఉన్నారు, ఇటు మిగిలింది నేనొక్కణ్నే. పాత పొట్లకాయ అయితే తిన్నగా ఆ మేడకే వేసేవాడు. నేను పక్కనున్న నీళ్ల ట్యాంకుకు వేశాను. చూపు మాత్రం వాళ్ల వెనక పిట్టగోడ మీదే పెట్టాను. ఊగాను, జోరు మీదుండగా వదిలేశాను. అదే క్షణంలో కుర్చీ కూడా నన్ను వదిలేసింది. దభీమని నేల మీద పడ్డాను, ఫోన్ మాత్రం చేతిలోనే ఉంది. తెరమీద చూస్తే నా మనిషి హాయిగా రెండు కాళ్ల మీద వాళ్ల వెనక దిగి ఉన్నాడు. ఎవరో దెబ్బ తగిలిందా అంటూ లేవదీయబోయారు.

"లెవ్వకు తమ్మీ," అంది అక్క నింపాదిగా. "గట్లనే కొట్టు."

వెల్లకిలా పడుకునే కొట్టాను. ఒకడు పడ్డాడు, రెండోవాడు వెనక్కి తిరిగేలోగా వాడూ పడ్డాడు. ఎవరు గెలిచారో అర్థంకాని చాచా వెనక బెంచీ మీంచి తీర్పు చెప్పాడు: "అండ్ల మంచిగ దిగినవ్ బేటా. కుర్సీలకెల్లి దిగుడే ఇంక నేర్సుకోవాలె."

సోమవారం భోజనాల వేళ అక్క తన డబ్బాలోంచి నాకు పప్పు వేస్తూ, "క్లర్కుకు జెప్పిన, జాగ లేదని," అంది. నేను ఆ పప్పుతో రోజూకంటే రెండు ముద్దలు ఎక్కువే తిన్నాను.

ఇప్పుడు నేను అదే షాపులో షిఫ్ట్ ఇన్‌ఛార్జిని. అక్క పెళ్లయి పుణె వెళ్లి అక్కడొక కంపెనీలో పెద్ద ఉద్యోగం చేస్తోంది, చాచా రిటైరై మనవరాలిని బడికి దింపుతున్నాడు. పోయిన నెల ఒక మధ్యాహ్నం షెడ్డు కింద కొత్త ట్రైనీలు ఏదో కొత్త ఆట ఆడుతుంటే ఆగి చూశాను. "సార్‌కు వస్తదా?" అని అడిగింది ఒక అమ్మాయి. కొంచెం వచ్చన్నాను, గొంతులో గర్వం దాచుకుంటూ. నిమిషం కూడా నిలవలేదు. ఎవరు కాల్చారో, ఎటునుంచి కాల్చారో కూడా తెలియలేదు. పిల్లలు మర్యాదకు నవ్వు ఆపుకున్నారు.

"రేపు జెర ముందుగల్ల రండి సార్, నేర్పిస్త," అందా అమ్మాయి.

మర్నాడు డబ్బాలో సగం అన్నం అలాగే వదిలేసి, ఎవరైనా చూస్తున్నారేమోనని అటూ ఇటూ చూసుకుంటూ గబగబా షెడ్డు వైపు నడిచాను.